టీకా కార్డులో ఖాళీలు: పుట్టిన రోజు నుంచి డెబ్బై ఏళ్ల దాకా ఏ సూది, ఎప్పుడు, ఎక్కడ

గోదారి_నర్సు (చర్చ తెరిచినవారు)

ఈ విభాగంలో పదేపదే వచ్చే ప్రశ్న ఒకటే: "ఒక డోసు తప్పింది, మళ్లీ మొదటి నుంచి వేయించాలా?" అక్కర్లేదండీ. ఆగిన చోటి నుంచే కొనసాగించాలి. రెండు డోసుల మధ్య ఎడం పెరిగితే ముందు వేసిన డోసు వృథా కాదు, ఒంట్లో దాని గుర్తు ఉంటుంది. ఎడం తగ్గితేనే ఇబ్బంది. పెంటా (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బాక్టీరియా, ఈ ఐదింటికీ ఒకే టీకా) రెండో డోసు నాలుగు వారాలు నిండకుండా వేస్తే దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆలస్యం వల్ల జరిగే నష్టం వేరే: ఆ ఖాళీ నెలల్లో బిడ్డకి రక్షణ సగమే ఉంటుంది. కోరింత దగ్గు ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా ఆరు నెలల లోపు పిల్లలకే. అందుకే 6, 10, 14 వారాల తేదీల మీద అంత పట్టుదల.

ముందుగా ప్రభుత్వ పట్టిక ఒకసారి రాసేస్తాను, మిగతావారు దాని మీద చెప్పండి.

పుట్టగానే బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఈ మూడో దానికి 24 గంటలే గడువు, అది దాటితే పుట్టినప్పటి డోసు ఇక లేనట్టే. పోలియో మొదటి చుక్కలకి 15 రోజులు, బీసీజీకి ఏడాది దాకా సమయం ఉంది.

6 వారాలకి పెంటా, రోటా చుక్కలు (రోటావైరస్ విరేచనాలకి), పోలియో చుక్కలు, న్యుమోకోకల్ (పీసీవీ, న్యుమోనియా టీకా), పోలియో సూది (ఎఫ్‌ఐపీవీ). 10 వారాలకి పెంటా, రోటా, పోలియో చుక్కలు మాత్రమే. 14 వారాలకి మళ్లీ ఐదూ.

9 నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడోది, విటమిన్ ఎ 1 మి.లీ. మెదడువాపు వ్యాధి ఉన్న జిల్లాల్లో జేఈ కూడా. 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ రెండోది, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్, జేఈ రెండోది. 5-6 ఏళ్లకి డీపీటీ రెండో బూస్టర్. 10 ఏళ్లకి, 16 ఏళ్లకి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి). విటమిన్ ఎ ఏడాదిన్నర నుంచి ఆరు నెలలకోసారి 2 మి.లీ. చొప్పున అయిదేళ్ల దాకా, మొత్తం తొమ్మిది డోసులు.

పోలియో సూది మూడో డోసు 2023 జనవరి నుంచి వచ్చింది. అంతకు ముందు తొమ్మిది నెలలు దాటిన పిల్లల కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటే కంగారు పడకండి.

ఏఎన్ఎం_పాలమూరు

మేడం, చెయ్యి, తొడ లెక్క కూడా రాయాలె. చానామంది తల్లులు "ఎడమ తొడకే ఎందుకు, చేతికి వెయ్యరాదా" అని అడుగుతరు.

పెంటా ఎడమ తొడ ముందు భాగం బయటి వైపు, కండలోకి, 0.5 మి.లీ. పీసీవీ కుడి తొడ. బీసీజీ ఎడమ భుజం, చర్మం పొరలోనే: నెల లోపు బిడ్డకు 0.05 మి.లీ., నెల దాటితే 0.1. పోలియో సూది మొదటి రెండూ కుడి భుజం, మూడోది ఎడమ భుజం, చర్మంలోనే 0.1 మి.లీ. ఎంఆర్ కుడి భుజం, చర్మం కింద 0.5. ఈ జాగలు దేశమంతా ఒక్కటే. ఎందుకంటే వారం తర్వాత తొడ వాచిందని బిడ్డను తీస్కొస్తే ఏ వైపు వాచిందో చూసి ఏ టీకా వల్లనో చెప్పగలుగుతం.

పిర్రకు ఎప్పుడూ వెయ్యొద్దు. అక్కడ కొవ్వు ఎక్కువ, మందు కండకు చేరదు, నరం తగిలే ప్రమాదం కూడా ఉంది. కుక్క కాటు టీకా, హెపటైటిస్ బి పెద్దోళ్లకు పిర్రకు వేస్తే వేసినట్టు లెక్క కాదు.

చర్మంలో వేసినప్పుడు సూది పోటు మీద చిన్న తెల్ల బుడిపె లేవాలె, నారింజ తొక్క లెక్క గుంటలు కనపడాలె. లేవలేదంటే మందు లోపలికి పోయినట్టు. అయినా అదే రోజు మళ్ల పొడవొద్దు.

ఇద్దరు_పిల్లల_తల్లి

బీసీజీ వేసిన చోట మచ్చ పడకపోతే మళ్లీ వేయించాలా? మా వార్డులో ఇద్దరు ముగ్గురు తల్లులు దీని గురించే గాబరా పడుతున్నారు.

పిల్లల_వైద్యుడు_తెనాలి

అక్కర్లేదమ్మా. మచ్చ పడలేదంటే రక్షణ రాలేదని అర్థం కాదు. మళ్లీ వేయమని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనూ లేదు. మామూలుగా రెండు మూడు వారాలకి చిన్న గుల్ల లేస్తుంది, తర్వాత పుండై కొంచెం చీము కారుతుంది, ఆరు నుంచి పన్నెండు వారాల్లో మానిపోయి మచ్చ మిగులుతుంది. ఆ చీము చూసి పసుపు, పౌడరు, ఆయింట్‌మెంటు రాయొద్దు, కాపడం పెట్టొద్దు. నీళ్లతో కడిగి పొడిగా వదిలేయండి. చంకలో గడ్డ 1.5 సెంటీమీటర్లు దాటి పెరిగినా, మెత్తబడినా అప్పుడు చూపించండి.

జ్వరం సంగతి కూడా ఇక్కడే రాస్తాను, ఇళ్లలో ఎక్కువ తప్పు జరిగేది అక్కడే. పెంటా వేసిన రోజు రాత్రి జ్వరం రావడం, తొడ గట్టిపడటం మామూలే. 48 గంటల్లో తగ్గాలి. పారాసెటమాల్ మోతాదు బరువుని బట్టి: కిలోకి 15 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు సార్లకి మించకుండా. 5 కిలోల బిడ్డకి 75 మి.గ్రా.

ఇప్పుడు సీసా చూడండి. డ్రాప్స్‌లో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, అంటే ముప్పావు మి.లీ. చాలు. సిరప్‌లో 5 మి.లీ.కి 120 ఉంటే సుమారు 3 మి.లీ., 250 ఉంటే 1.5 మి.లీ. పెద్ద పిల్లాడికి వాడిన లెక్క గుర్తుపెట్టుకుని "మూడు మి.లీ." అంటూ డ్రాప్స్ పోస్తే 300 మి.గ్రా. వెళ్తుంది, కావలసిన దానికి నాలుగు రెట్లు. అది కాలేయం మీద పడుతుంది. సీసా మీద "ఎన్ని మి.లీ.లో ఎంత" అన్నది చదవకుండా పోయకండి.

జ్వరం రాకముందే ముందు జాగ్రత్తగా మందు పోయడం కూడా వద్దు. మూడు గంటలు దాటి ఆగకుండా ఏడ్చినా, బిడ్డ తోటకూర కాడలా వాలిపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎంఆర్ జ్వరం తీరు వేరు. అది వేసిన రోజు రాదు, 5 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది, ఒక్కోసారి సన్నని దద్దుర్లతో. అప్పటికి టీకా సంగతి మర్చిపోయి వేరే జబ్బనుకుంటారు.

జలుబు, కొద్దిపాటి దగ్గు, విరేచనాలు, యాంటీబయాటిక్ వాడకం, పళ్లు రావడం, బరువు తక్కువ ఉండటం: ఇవేవీ టీకా ఆపడానికి కారణాలు కావు. ఆపాల్సినవి తక్కువే. గత డోసుకి ప్రమాదకరమైన అలర్జీ వచ్చి ఉంటే ఆ టీకా, కోరింత దగ్గు టీకా తర్వాత వారంలోపు మెదడు దెబ్బతిన్న లక్షణాలు కనిపించి ఉంటే మళ్లీ ఆ భాగం, తీవ్రమైన రోగనిరోధక లోపం ఉంటే బతికున్న క్రిముల టీకాలు.

ఆశా_దీదీ_ఆదిలాబాద్

సార్, ఒక లెక్క చెప్పండి. ఇటుక బట్టీల పనికి పోయి వచ్చిన కుటుంబాల్లో ఇట్లాంటి కార్డులే ఎక్కువ. బిడ్డకు 11 నెలలు. 6 వారాల టీకాలన్నీ పడ్డయి, తర్వాత ఒక్కటి లేదు. ఈ శనివారం సెషన్‌కు తెస్తే ఏమేం పడాలె?

పిల్లల_వైద్యుడు_తెనాలి

ఆ ఒక్క రోజే ఇవన్నీ పడాలి: పెంటా 2, పోలియో చుక్కలు 2, రోటా 2, పీసీవీ 2, ఎఫ్‌ఐపీవీ 2, ఎంఆర్ 1, విటమిన్ ఎ 1 మి.లీ.

రోటా మొదటి డోసు ఏడాదిలోపు పడింది కాబట్టి మిగతావి పూర్తి చేయొచ్చు. ఏడాది నిండాక మొదటి డోసు మొదలుపెట్టరు. ఎఫ్‌ఐపీవీ మొదటికీ రెండోదానికీ కనీసం 8 వారాలు ఉండాలి, ఇక్కడ ఎలాగూ ఉంది. సూదులు నాలుగు: ఎడమ తొడకి పెంటా, కుడి తొడకి పీసీవీ, రెండు చేతులకీ ఎంఆర్, ఎఫ్‌ఐపీవీ. ఒకే చోట రెండు వేయాల్సి వస్తే మధ్యలో కనీసం 2.5 సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ల వెడల్పు, వదలాలి. ఒకే సిరంజిలో రెండు టీకాలు ఎన్నడూ కలపకూడదు.

నాలుగు వారాల తర్వాత పెంటా 3, పోలియో చుక్కలు 3, రోటా 3. పీసీవీ బూస్టర్‌కి మాత్రం రెండో డోసు నుంచి 8 వారాలు ఆగాలి. ఎంఆర్ 2 పదహారు నెలలకి. డీపీటీ బూస్టర్ పెంటా 3 పడిన ఆరు నెలలకి. తల్లి "ఒక్కరోజే నాలుగు సూదులా" అంటే సగం వేసి పంపేయకండి. బట్టీకి మళ్లీ వెళ్తే ఆ సగం అలాగే ఉండిపోతుంది.

అసలు ఒక్క టీకా పడని ఏడాది దాటిన పిల్లలకి పెంటా మొదలుపెట్టరు. డీపీటీ నెల ఎడంతో మూడు, దానితో పోలియో చుక్కలు, మొదటి రోజే ఎంఆర్, నెల తర్వాత ఎంఆర్ రెండోది, మూడో డీపీటీకి ఆరు నెలలకి బూస్టర్. డీపీటీకి ఏడేళ్లు హద్దు, ఆ తర్వాత టీడీయే.

శీతలపెట్టె

పీహెచ్‌సీలో ఐఎల్ఆర్ (టీకాలు దాచే ఫ్రిజ్) చూసేవాళ్లకీ, మెడికల్ షాపులో టీకా కొని క్లినిక్‌కి మోసుకెళ్లేవాళ్లకీ ఇది రాస్తున్నాను. "చల్లగా ఉంటే చాలు, గడ్డకట్టినా నష్టం లేదు" అనే అపోహ చాలా గట్టిగా పాతుకుపోయింది. హెపటైటిస్ బి, పెంటా, డీపీటీ, టీడీ, పీసీవీ, పోలియో సూది గడ్డకడితే పాడైపోతాయి. అల్యూమినియం ఉప్పుకి అంటుకుని ఉండే టీకాలు గడ్డకట్టాక ఆ అతుకు విడిపోతుంది, మళ్లీ కరిగించినా ముందులా కాదు. రక్షణ తగ్గుతుంది, సూది వేసిన చోట గడ్డ కట్టడం ఎక్కువవుతుంది. సీసా ఊపి పక్కన పెడితే పొరలు పొరలుగా అడుగుకి దిగిపోవడం దాని గుర్తు. కళ్ల ముందు గడ్డకట్టి కనిపిస్తే పరీక్షలు కూడా అక్కర్లేదు, పారేయాలి.

పోలియో చుక్కలది దీనికి పూర్తి వ్యతిరేకం. గడ్డకడితే ఏం కాదు, వేడికి మాత్రం అన్నిటికంటే ముందు చచ్చిపోతుంది. అందుకే ఐఎల్ఆర్‌లో పోలియో చుక్కలు, బీసీజీ, ఎంఆర్ అడుగున పెడతారు, గడ్డకట్టకూడనివి పైన బుట్టలో. ఎటు చూసినా 2 నుంచి 8 డిగ్రీలు.

షాపులో కొనేవాళ్లు ఇలా చేయండి. ముందు సీసా మీద, వేడి తగిలిందో లేదో చెప్పే గుర్తు చూడండి: వృత్తం మధ్యలో చతురస్రం. లోపలి చతురస్రం బయటి వృత్తం కంటే తెల్లగా ఉంటే వాడొచ్చు. రెండూ ఒకే రంగులో ఉన్నా, లోపలిది ముదిరినా తీసుకోకండి. అన్ని ప్రైవేటు సీసాల మీదా ఈ గుర్తు ఉండదు. లేకపోతే షాపు ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా, కరెంటు పోతే బ్యాకప్ ఉందా అని అడగండి. ఫ్రిజ్ తలుపు అరలోంచి తీసి ఇస్తే వద్దనండి, తలుపు తెరిచిన ప్రతిసారీ అక్కడ వేడి మారుతుంది. తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌ని నేరుగా తగిలించొద్దు. ప్యాక్ బయట కాసేపు ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాక, టీకా పెట్టెకి కాగితం చుట్టి ఫ్లాస్కులో పెట్టండి. బిల్లులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. వేశాక ఆ సీసా మీది స్టిక్కర్ కార్డులో అంటించమని అడగండి.

పొడి రూపంలో వచ్చే బీసీజీ, ఎంఆర్ కలిపాక 4 గంటలు, జేఈ బతికున్న టీకా అయితే 2 గంటలు. ఆపైన పారేయాల్సిందే. వాటిలో క్రిములు పెరగకుండా ఆపే మందు ఉండదు. గడువు దాటిన ఎంఆర్‌లో స్టెఫిలోకాకస్ పెరిగితే గంటల్లో బిడ్డ వాంతులు, విరేచనాలు, జ్వరంతో కుప్పకూలే ప్రమాదం ఉంది. సీసా మీద కలిపిన టైము రాయడం ఇందుకే. బీసీజీ ద్రవం సెలైన్, ఎంఆర్ ద్రవం శుద్ధి చేసిన నీరు, ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. పెంటా, డీపీటీ, టీడీ, హెపటైటిస్ బి, పోలియో చుక్కల సీసాలు తెరిచాక సరైన చల్లదనంలో ఉంటే 28 రోజుల దాకా వాడొచ్చు.

ఇద్దరు_పిల్లల_తల్లి

ప్రైవేటులో చెప్పే అదనపు టీకాల్లో నిజంగా కావలసినవి ఏవి? పట్టిక చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

పిల్లల_వైద్యుడు_తెనాలి

డబ్బు పరిమితంగా ఉంటే నా వరస ఇది. మొదటిది టైఫాయిడ్ కాంజుగేట్, 6 నుంచి 9 నెలల మధ్య ఒక్క డోసు. మన నీళ్లు, మన చిరుతిళ్లు తెలిసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. ఆ తరహా టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా ఆమోదించినది హైదరాబాద్‌లో తయారైనదే. రెండోది ఎంఎంఆర్. ప్రభుత్వ ఎంఆర్‌లో గవదబిళ్లలకి రక్షణ లేదు. 9 నెలల ఎంఆర్ సెంటర్‌లో వేయించుకుని, 15 నెలలకి, 4-6 ఏళ్లకి ఎంఎంఆర్ వేయించొచ్చు. మూడోది ఆటలమ్మ టీకా, 15 నెలలకి ఒకటి, మూడు నుంచి ఆరు నెలల తర్వాత ఇంకోటి. తర్వాత ఏడాది దాటాక హెపటైటిస్ ఎ, బతికున్న రకమైతే ఒకటి, చంపిన రకమైతే ఆరు నెలల ఎడంతో రెండు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలకైతే ఫ్లూ టీకాని అన్నిటికంటే ముందుకు తెస్తాను. ఆరు నెలలు నిండాక మొదటి ఏడాది నెల ఎడంతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి.

"నొప్పి లేని టీకా" అని అమ్మేదాంట్లో కోరింత దగ్గు భాగం వేరే తయారీ. జ్వరం తక్కువ వస్తుంది, కానీ రక్షణ తొందరగా తగ్గుతుంది. ప్రభుత్వ పెంటా నాసిరకం అన్న మాట తప్పు. రోటా చుక్కలు 2016లో దేశంలో మొదలైనప్పుడు ముందు తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకు ముందు అవి డబ్బు పెట్టగలిగినవాళ్ల పిల్లలకే దొరికేవి.

ఒక్క నియమం గుర్తుంచుకోండి: ఎంఎంఆర్, ఆటలమ్మ లాంటి బతికున్న సూదులు రెండు ఉంటే ఒకే రోజు వేయించండి, కుదరకపోతే 4 వారాలు ఆగండి. మధ్యలో వేస్తే రెండోది సరిగా పని చేయదు.

గోదారి_నర్సు

తల్లికి హెపటైటిస్ బి పాజిటివ్ అయితే చేయాల్సింది ఒకటి చేర్చాలి. బిడ్డకి 12 గంటల్లోపు ఒక తొడకి టీకా, ఇంకో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే పని చేసే తయారు యాంటీబాడీలు) 0.5 మి.లీ. కాన్పు గదిలోకి వెళ్లకముందే అది ఆసుపత్రిలో ఉందో లేదో కనుక్కోవాలి, రాత్రి రెండు గంటలకి బయట దొరకదు. తర్వాత పెంటా మూడూ అయ్యాక, 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకి రక్త పరీక్ష చేయించాలి.

గర్భిణులకి: తెలియగానే టీడీ ఒకటి, నాలుగు వారాలకి రెండోది. గత మూడేళ్లలోపు కాన్పులో రెండూ పడి ఉంటే ఈసారి ఒక్క బూస్టర్ చాలు. స్తోమత ఉంటే ఒక టీడీ బదులు 27 నుంచి 36 వారాల మధ్య టీడ్యాప్ (టీడీకి కోరింత దగ్గు టీకా కలిపినది) వేయించుకోండి. తల్లి ఒంట్లో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకి చేరి, పెంటా మొదలయ్యే దాకా కోరింత దగ్గు నుంచి కాపాడుతుంది. ఫ్లూ సూది ఏ నెలలోనైనా వేయొచ్చు. ఎంఎంఆర్, ఆటలమ్మ మాత్రం గర్భంలో వద్దు. పెళ్లికి ముందే వేయించుకుని నెల ఆగితే సరిపోతుంది.

ఏఎన్ఎం_పాలమూరు

ఆడపిల్లల హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ వేసే టీకా) గురించి ఎవరూ రాయలేదు. మా దగ్గర ఇప్పటికీ ఖమ్మం పేరు ఎత్తుతరు.

ఫిజీషియన్_విశాఖ

ఎత్తడంలో తప్పు లేదండీ, దాన్ని దాచిపెట్టకుండా చెప్పడమే మంచిది. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకి ప్రయోగాత్మకంగా ఈ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ప్రభుత్వ విచారణలో ఆ మరణాలకి టీకా కారణమని తేలలేదు. పాము కాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు లాంటి కారణాలు బయటపడ్డాయి. కానీ తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరులో తీవ్రమైన లోపాలు దొరికాయి. హాస్టల్ పిల్లలకి వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ తప్పు టీకాది కాదు, మనుషులది. ఇప్పుడు ఎవరైనా వేసే ముందు తల్లితో కూర్చుని ఏది, ఎందుకు, ఏం కావచ్చు అని చెప్పి సంతకం తీసుకోవాలి. అది మన ప్రాంతం నేర్చుకున్న పాఠం.

టీకా పని చేసేది వైరస్ ఒంట్లోకి రాకముందు. అందుకే 9 నుంచి 14 ఏళ్లు సరైన వయసు. ప్రైవేటులో ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. 15 దాటితే మూడు, రెండోది నెలా రెండు నెలలకి, మూడోది ఆరో నెలకి. 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, కాబట్టి ప్రభుత్వ కేంద్రంలో ఒక్కటే వేస్తామంటే అనుమానించకండి. హెచ్‌ఐవీ లాంటి రోగనిరోధక లోపం ఉన్నవారికి ఏ వయసులోనైనా మూడు. వేశాక పావుగంట కూర్చోబెట్టాలి, ఈ వయసు పిల్లలు సూది భయంతో కళ్లు తిరిగి పడిపోతారు, తలకి దెబ్బ తగులుతుంది. టీకా వేయించుకున్నా 30 దాటాక గర్భాశయ ముఖద్వార పరీక్ష మానకూడదు.

ఫిజీషియన్_విశాఖ

పెద్దవాళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది టీటీ అలవాటు. మేకు గుచ్చుకున్నా, చాకు తెగినా, బండి మీద నుంచి పడినా మెడికల్ షాపుకి వెళ్లి ఒక టీటీ. "ఆరు నెలలే పని చేస్తుంది" అన్న మాట తప్పు. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయినవారికి పదేళ్లకోసారి ఒకటి చాలు. శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసుకి పదేళ్లు దాటితేనే. మట్టి, పేడ అంటిన గాయం, లోతైన పోటు, కాలిన గాయమైతే అయిదేళ్లు దాటితే వేయాలి. ఊరికే మళ్లీ మళ్లీ వేసుకుంటే చెయ్యి మోచేతి దాకా వాచి ఎర్రబడుతుంది.

ఇంకో వైపు, అసలు అవసరమైనవారికి సగమే దొరుకుతోంది. చిన్నప్పుడు ఏ టీకా పడిందో తెలియని అరవై ఏళ్ల రైతుకి పేడ తగిలిన గాయమైతే ఒక్క టీటీ ఆ రోజు కాపాడదు, రక్షణ తయారవడానికి వారాలు పడుతుంది. అతనికి టెటనస్ ఇమ్యునోగ్లోబులిన్ 250 యూనిట్లు ఒక చోట, టీడీ ఇంకో చోట, తర్వాత నాలుగు వారాలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. ఈ మూడూ పూర్తి చేసేవాళ్లు తక్కువ. షాపులో అడిగేటప్పుడు "టీటీ" అనకుండా "టీడీ" అనండి. అందులో కంఠసర్పికి రక్షణ కూడా ఉంటుంది, ప్రభుత్వం టీటీని మార్చి దాన్ని తెచ్చింది అందుకే.

కుక్కకాటు_క్లినిక్

ఇది వయసుతో పనిలేని టీకా. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకండి. కుట్లు వేయించకండి. చర్మం గీరుకుపోయి రక్తం రాకపోతే టీకా ఒక్కటే. రక్తం వస్తే, లేదా కళ్లు, నోరు, పుండు మీద నాకితే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా: గుర్రపు సీరం అయితే కిలోకి 40 యూనిట్లు, మనిషిదైతే 20. అది గాయం లోపల, చుట్టూ వేయాలి. మొదటి రోజు దొరకకపోతే మొదటి టీకా నుంచి ఏడో రోజు లోపు వేయొచ్చు, ఆ తర్వాత వద్దు.

ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలో వేసే పద్ధతి: 0, 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకీ 0.1 మి.లీ. చొప్పున. కండలో వేస్తే 0, 3, 7, 14, 28. "0" అంటే కరిచిన రోజు కాదు, మొదటి సూది పడిన రోజు. ఒక తేదీ తప్పితే మర్నాడే వెళ్లండి, మొదటికి రాదు. కంపెనీ మారినా ఫర్వాలేదు, పద్ధతి మాత్రం మార్చకండి. ఇదివరకు పూర్తి కోర్సు అయినవారికి 0, 3 రోజుల్లో ఒక్కో సూది చాలు, సీరం అక్కర్లేదు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి కూడా వేయాలి. "పది రోజులు కుక్కని చూద్దాం, తర్వాత మొదలుపెడదాం" అని ఆగకండి. వేస్తూనే చూడాలి.

డల్లాస్_క్యాంపస్_నర్సు

చదువుకి అమెరికా వచ్చేవాళ్ల కార్డుల్లో పదేపదే కనిపించే నాలుగు తప్పులు.

ఒకటి, 9 నెలలకి వేసిన ఎంఆర్ ఇక్కడ లెక్కలోకి రాదు. ఏడాది నిండాక 28 రోజుల ఎడంతో రెండు ఎంఎంఆర్‌లు ఉండాలి. లేకపోతే మూడు జబ్బులకీ ఐజీజీ (ఒంట్లో రక్షణ ఉందో లేదో చెప్పే) రక్త పరీక్ష రిపోర్టు. ఆ పరీక్షలో మనవాళ్లు ఎక్కువమంది గవదబిళ్లల దగ్గరే నెగటివ్ వస్తారు, కారణం పైన తెనాలి డాక్టర్ గారు చెప్పినదే.

రెండు, తేదీ. 03/07 అని రాస్తే ఇక్కడ మార్చి 7 అని చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాయించండి.

మూడు, టీబీ పరీక్ష. బీసీజీ పడినవారికి చర్మ పరీక్ష ఊరికే పాజిటివ్ రావచ్చు, రక్త పరీక్ష అడగండి. ఎంఎంఆర్ వేయించుకుంటే అదే రోజు పరీక్ష చేయించండి లేదా నాలుగు వారాలు ఆగండి.

నాలుగు, టెక్సాస్‌లో 22 ఏళ్ల లోపు కొత్త విద్యార్థులకి మెనింజైటిస్ టీకా తప్పనిసరి. గత అయిదేళ్లలోపు వేసినదై, తరగతులు మొదలయ్యే కనీసం పది రోజుల ముందు పడి ఉండాలి. ఎంఎంఆర్ రెండో డోసుకే నెల పడుతుంది కాబట్టి విమానం తేదీకి కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

ఆఫ్రికా దేశాలకి వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ సూది హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. సర్టిఫికెట్ పదో రోజు నుంచి చెల్లుతుంది, ఇక జీవితాంతం. గుడ్డు అలర్జీ ఉన్నా, 60 దాటినా ముందే చెప్పాలి.

ఫిజీషియన్_విశాఖ

ఇక షుగరు, బీపీ, ఆస్తమా, అరవై దాటినవారు.

ఫ్లూ ఏటా ఒకటి. మన దగ్గర వానాకాలంలో పెరుగుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో దక్షిణార్ధగోళం టీకా అడగండి, పెట్టె మీద ఏ సంవత్సరానిదో చూసి తీసుకోండి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది.

న్యుమోనియా టీకాకి వరస ముఖ్యం. ముందు 13 రకాల క్రిములకి పని చేసే కాంజుగేట్, కనీసం ఏడాది తర్వాత 23 రకాలకి పని చేసేది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి 8 వారాలకే. తలకిందులుగా 23 ముందు వేస్తే కాంజుగేట్‌కి ఏడాది ఆగాలి. 20 రకం కాంజుగేట్ వేస్తే 23 అక్కర్లేదు. ప్లీహం తీసే ఆపరేషన్ ముందే ఖాయమైతే న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కి రెండు వారాల ముందే పూర్తి కావాలి.

డయాలిసిస్‌కి వెళ్లబోయేవారికి హెపటైటిస్ బి మామూలు మోతాదు సరిపోదు. 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగు సార్లు. మిగతా పెద్దలకి 20 చొప్పున 0, 1, 6. చివరి డోసు తర్వాత నెలా రెండు నెలలకి యాంటీబాడీ పరీక్షలో 10 దాటాలి. ఆసుపత్రుల్లో పని చేసేవారు ఈ పరీక్ష మానకండి.

గోదారి_నర్సు

అక్కి టీకా కూడా రాయండి డాక్టర్ గారూ, ముసలివాళ్లకి ఆ నొప్పి భరించలేనిది.

ఫిజీషియన్_విశాఖ

50 దాటినవారికి రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు, కండలోకి. బతికున్న క్రిమి కాదు కాబట్టి కీమో, స్టెరాయిడ్లు వాడేవారికి కూడా వేయొచ్చు. ఇదివరకు అక్కి వచ్చి తగ్గినవారికీ వేస్తారు. రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు నొప్పులు, జ్వరం ఉంటాయి, దానికి భయపడి రెండో డోసు మానేయడమే ఇందులో ఎక్కువగా జరిగే తప్పు. ఖరీదైనది. డబ్బు ఒకదానికే ఉంటే అరవై దాటిన షుగరు రోగికి ముందు న్యుమోనియా, ఫ్లూ వేయించమంటాను.

ఊళ్లలో అక్కి రాయించడానికి కుమ్మరి దగ్గరికి తీసుకెళ్తారు. రాయించుకోండి, కానీ పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మాత్రలు మొదలుపెట్టాలి. ఆ మూడు రోజులు దాటిపోతే నెలల తరబడి మంట మిగిలిపోయే అవకాశం పెరుగుతుంది. కంటి చుట్టూ వస్తే అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి.

ఆశా_దీదీ_ఆదిలాబాద్

ఇటుక బట్టీ బిడ్డ లెక్క కాగితం మీద రాసుకున్న సార్. కార్డు పోయినోళ్లకు ఏం చెప్పాలె?

ఏఎన్ఎం_పాలమూరు

ముందు యూ-విన్‌ల (టీకాల ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డుల) తల్లి ఫోన్ నంబరుతోటి వెతుకు. లేకుంటే టీకా వేసిన సబ్‌సెంటర్ రిజిస్టర్ అడుగు. ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ చూడు, కానీ దాన్ని బట్టి మిగతావి పడ్డయని అనుకోవద్దు. రాతపూర్వకంగా ఏదీ దొరకకుంటే పడలేదనే లెక్క. మళ్ల వేస్తే బిడ్డకు నష్టం లేదు. కొత్త కార్డు రాసి, రెండు పేజీలూ తల్లి ఫోన్‌ల ఫొటో తీపియ్యి. మళ్లొచ్చే బుధవారమో శనివారమో తేదీ కార్డు మీద పెద్దక్షరాలతోటి రాసి పంపు.

ఆశా_దీదీ_ఆదిలాబాద్

సరే అక్కా. శనివారం ఆ బిడ్డతోటి ఇంకో ఇద్దరు కూడా వస్తున్నరు, ఒకరికి రెండేళ్లు, ఏ టీకా లేదు. డీపీటీ, పోలియో చుక్కలు, ఎంఆర్, విటమిన్ ఎ 2 మి.లీ. రాసి పెట్టుకున్న.

పిల్లల_వైద్యుడు_తెనాలి

సరిగ్గా ఉంది. మీ జిల్లాలో జేఈ ఇస్తుంటే దాన్నీ అదే రోజు చేర్చండి, ఎంఆర్ ఒక చేతికి, జేఈ ఇంకో చేతికి.